రెండో బ్రేకు

ఆ డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి కారు నేర్పే టీచరుని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆవిడ బ్రేకక్క. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఓ బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడితే టీచరు తొక్కడానికి. మిగతా టీచర్లు దాన్ని పూటకోసారి తొక్కితే గొప్ప. మన బ్రేకక్క కాలు మాత్రం ఎక్కింది మొదలు దిగేదాకా దాని మీదే. రోడ్డు మీద కాగితం ఎగిరినా తొక్కేది. అవతల ఎవరో గొడుగు విప్పినా తొక్కేది. ఎవరైనా వెక్కిరిస్తే జవాబు నాలిక చివరే ఉండేది: ఇన్నేళ్ళలో ఈ కారుకి ఒక్క గీత పడిందా, పడితే చూపించండి.

నిజమే, పడలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. పడకపోవడానికి తన భయమే కారణమని ఆవిడ నమ్మకం. తను ఏ రోజు భయపడటం మానేస్తుందో ఆ రోజే కొంప మునుగుతుంది. ఇంట్లోనూ అదే వరస. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి పరిగెత్తుకు రావడం, మొగుడు రావడం కాస్త ఆలస్యమైతే ఆసుపత్రుల నంబర్లు వెతకడం. మొగుడు బట్టల కొట్లో గుడ్డ కొలిచి చింపే పని చేస్తాడు, నిదానస్తుడు. మా ఆవిడ ఉండగా మా గుమ్మం తొక్కాలంటే ఆపదలకే భయం అని నవ్వేసి ఊరుకునేవాడు.

అలాంటి ఇంటికి చెల్లెలు వచ్చి చేరింది. మొగుడితో పొసగక, ఇక పొసగదని తేలిపోయి, బట్టల పెట్టెతో వచ్చింది. వచ్చిన వారంలోనే చెప్పేసింది, మీ నెత్తిన కూర్చోను, పని చూసుకుంటాను, ఆ తర్వాత గది చూసుకుంటాను అని. పని దొరికింది కూడా. మందుల షాపులకి సరుకు చేరవేసే వ్యాను నడపాలి. అక్కడి మేనేజరు మంచివాడే, లైసెన్సు తెచ్చుకో తల్లీ, నెలాఖరు దాకా ఆ పని ఇంకెవరికీ ఇవ్వను అన్నాడు. ఇంట్లోనే కారు టీచరు ఉండగా లైసెన్సు ఎంత సేపు అనుకున్నారు అందరూ.

తీరా చూస్తే ఆ పిల్ల పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకటే తప్పు. గేర్లు చక్కగా మారుస్తుంది, మలుపులు వెన్నలా తిప్పుతుంది, వెనక్కి కూడా తిన్నగా పోనిస్తుంది. ఆగాల్సిన గీత దగ్గర మాత్రం ఆగదు. పరీక్ష పెట్టే ఆయన నెత్తి కొట్టుకుని, గీత కనపడలేదా అమ్మా అని అడిగితే, కనపడిందండీ అంది పాపం. కనపడింది, కాలే కదల్లేదు. ఇంకొక్కసారి తప్పితే నెలాఖరు దాటిపోతుంది, వ్యాను ఇంకొకరి చేతికి పోతుంది.

ఇక తలా ఓ మాట. బావ పరీక్ష భయమన్నాడు. పక్కింటావిడ ఒంట్లో రక్తం తక్కువంది. పై వాటాలో ఉండే రిటైర్డ్ మాష్టారు, పిల్ల మనసు ఇంకా మొగుడి దగ్గరే ఉందని తేల్చాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. అక్కకి మాత్రం అనుమానమే లేదు. ఇది చిన్నప్పటి నుంచీ పిరికిది, దీనికి ఆందోళన జబ్బుంది, వైద్యం చేయిస్తే గానీ కుదరదు అని చెల్లెల్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ తొందరపడే రకం కాదు. చెల్లెలి వైపు చూసి, నిద్ర బాగా పడుతోందా అని అడిగింది. అక్క అందుకుంది. ఎక్కడండీ నిద్ర, పడుకున్నా గడియ వేశామా లేదా అనే ధ్యాసే. ఆకలో? ముద్ద గొంతు దిగితేగా. గుండె దడ ఉందా అంటే, ఫోన్ మోగితే చాలండీ, చేతులు చల్లబడిపోతాయి అంది. అడిగేది చెల్లెల్ని, చెప్పేది అక్క. చెల్లెలికి నోరు విప్పే సందే దొరకలేదు. కాసేపు రాసుకున్నాక డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, అక్క మొహంలోకి చూసింది.

"ఇంతకీ మందు చీటీ ఎవరి పేరు మీద రాయమంటారు?"

వెటకారంగా అనలేదు ఆవిడ, మెత్తగానే అడిగింది. అడిగి ఊరుకోకుండా నాలుగు మాటలు చెప్పింది కూడా. భయం మంచిదేనట. కుక్క మీదికొస్తే పరిగెత్తిస్తుంది, కుక్క పోతే అదీ పోతుంది. ఆందోళనకి కుక్కతో పని లేదట. రాబోయే కుక్క కోసం గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చుంటుందట. కుక్క రాకపోతే, చూశావా, నేను కూర్చోబట్టే రాలేదు అనుకుంటుందట. అందుకే దానికి ఎప్పటికీ డ్యూటీ దిగడం ఉండదు అంది.

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. వైద్యం దానికి చేయమంటే రోగం నాకు అంటగడుతుందా? జాగ్రత్తకి జబ్బని పేరు పెడితే ఇక లోకంలో జాగ్రత్తగా ఉండేదెవరు? చీటీ తీసుకోకుండానే చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటపడింది. వచ్చింది స్కూలు కారులోనే, అక్క ఎప్పటిలా పక్క సీట్లో కూర్చుంది. చెల్లెలు నడుపుతోంది. ముందు సిగ్నలు ఎర్రగా మారింది. కారు ఆగింది. పచ్చగా మారింది, వెళ్ళింది. ఓ ముసలాయన రోడ్డు దాటుతున్నాడు, కారు ఆగింది. ఇంకో నాలుగు బారలు పోయాక చెల్లెలు కారు పక్కకి తీసి ఇంజను కట్టేసింది.

"అక్కా, ఈ కారు నేనెప్పుడూ ఆపలేదు. ఆపుదాం అనుకునేలోపే ఆగిపోతుంది. పక్కన నువ్వు లేకపోయినా, పరీక్షలో కూడా అలాగే ఆగుతుందని కూర్చుంటున్నాను."

అక్క కస్సుమంది. తన దగ్గరికి వచ్చినవాళ్ళెవరూ కారు ఆపడం నేర్చుకోలేదా అని అడగబోయి, మాట మధ్యలో మింగేసింది. ఎందుకంటే ఆవిడ శిష్యురాళ్ళంతా మొదటిసారి తప్పేది ఆ గీత దగ్గరే. స్కూలు ఓనరు ఈ సంగతి ఎత్తితే, ఈ కాలం పిల్లలకి ధైర్యం చాలదండీ అని తనే సర్దిచెప్పేది. ఇంతమందికి ఒకే చోట ధైర్యం ఎలా చాలకుండా పోయిందో ఒక్కసారీ ఆలోచించలేదు. కింద చూస్తే, ఆగి ఉన్న కారులో కూడా తన కాలు ఆ బ్రేకు మీదే ఉంది. తీయాలనుకుంది. తీయలేకపోయింది. అప్పుడు ఆవిడకి నిజంగా భయం వేసింది, ఈసారి తన కాలిని చూసి.

"నేను భయపడటం మానేశాక నీకేమన్నా అయితే?" అంది.

"అయితే నాకవుతుంది. నువ్వు పక్కన కూర్చుని భయపడినన్నాళ్ళూ నాకేమీ కాలేదక్కా. చెడూ కాలేదు, మంచీ కాలేదు."

ఆ మాట అక్కకి ఎక్కడో సూటిగా తగిలింది. ఏడ్చింది కూడా, దాపరికం ఏముంది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, కారు దిగింది. దిగి వెనక తలుపు తీసి వెనక సీట్లో కూర్చుంది. ఊరవతల పాత గోదాము వెనక ఖాళీ స్థలం ఉంది, అక్కడిదాకా నెమ్మదిగా పోనివ్వమంది.

అక్కడ నేల మీద సుద్దతో గీత గీసి, దాని అవతల ఖాళీ డ్రమ్ము ఒకటి నిలబెట్టారు. మొదటిసారి చెల్లెలు గీత దాటేసి, ఆఖరి క్షణంలో తిప్పింది. డ్రమ్ము కారు పక్కన బరబరా గీసుకుంటూ పడింది. అక్క వెనక సీట్లో రెండు కాళ్ళూ నేలకేసి తన్నిపెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది. దిగి చూస్తే ఇన్నేళ్ళూ మచ్చ పడని కారుకి తలుపు పొడవునా గీత. బొటనవేలితో రుద్దింది, పోలేదు. ఆకాశం విరిగి పడాలి కదా, పడలేదు. గోడ మీద కాకి కూడా లేవలేదు. విచిత్రం ఏమిటంటే, అంత జరిగాక కూడా ఆవిడ భయం పోలేదు. రావలసింది వచ్చేసింది, అది మాత్రం ఇంకా దేనికోసమో కాచుకునే ఉంది. అప్పుడు అర్థమైంది బ్రేకక్కకి, దానికి కారుతో పని లేదని. చెల్లెలితోనూ లేదు. అది ఎప్పటి నుంచో తనలో కాపురం ఉంటోంది, అద్దె మాత్రం అందరి చేతా కట్టిస్తోంది.

"మళ్ళీ పోనీ," అంది చెల్లెలితో.

రెండోసారి గీత మీద ఆగింది. ఆ తర్వాత గీతకి ముందే ఆగింది. సాయంత్రానికి ఆ పిల్ల కాలికి బ్రేకంటే ఏమిటో తెలిసింది. కారు తలుపు మీద పడ్డ గీత సంగతి అక్క తనే వెళ్ళి ఓనరుకి చెప్పుకుని చీవాట్లు తింది. ఆ వారంలోనే, ఎవరికీ చెప్పకుండా, డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే వెళ్ళి చీటీ తన పేరు మీదే రాయించుకుంది. మందులు వేసుకోగానే అంతా తుడిచిపెట్టుకుపోయిందని చెప్తే అబద్ధం. గడియ ఇంకా రెండుసార్లు చూస్తుంది. ఇదివరకు లెక్కే ఉండేది కాదు మరి.

మూడోసారి పరీక్షకి అక్క గేటు బయటే ఉండిపోయింది. చెల్లెలు పాసయింది.

పనిలో చేరే రోజు పొద్దున్నే సరుకు వ్యాను ఇంటి ముందుకి వచ్చింది. చెల్లెలే తెచ్చింది, అక్కకి చూపిద్దామని. వెనక నిండా మందుల అట్టపెట్టెలు. ముందు పక్క సీటు ఖాళీగా ఉంది, దాని కింద బ్రేకూ లేదు, ఏమీ లేదు. అక్క కిటికీ పట్టుకుని లోపలికి తొంగి చూసింది. మలుపు దగ్గర లారీలుంటాయి, వాన పడితే రోడ్డు జారుతుంది, అలాంటివి నాలిక దాకా వచ్చాయి. చెల్లెలు అక్క చెయ్యి చూసింది. కిటికీ అంచుని పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

"భయంగా ఉందా అక్కా?"

"ఉందే," అంది అక్క, చెయ్యి తీసేస్తూ. "అది నాదేలే. నువ్వు పోనీ."