హేమలత జాగా

దసరా సెలవుల తర్వాత జయంతి టీచరు హాజరుపట్టీలోంచి కూతురి పేరు కొట్టేయలేదు. ఒకటో తరగతిలో పద్నాలుగో పేరు అది. అనంతపురం ఆసుపత్రిలో హేమలత జ్వరంతో పోయిందని ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. పిల్లలకు మాత్రం "ఊరికి పోయింది, టీచరును అడగొద్దు" అని చెప్పి ఊరుకున్నారు.

రోజూ ఆ పేరు దగ్గర ఆమె గొంతు తగ్గేది. "ఉండా టీచర్" అని ఎవరో పలికేవారు. ఆమె తల ఎత్తేది కాదు. ఎత్తితే అది ఇంకొకరి గొంతు అయిపోతుంది.

కార్తీకంలో కుందుర్పి వైపు నుంచి మేత వెతుక్కుంటూ వచ్చిన గొర్రెల కాపరి కుళ్ళాయప్ప, కూతురు ఆంజినమ్మను బడిలో వదిలాడు.

"బెదురు ఎక్కువ మేడం దీనికి. ఈ పొద్దు ఈడ నిలబడకపోతే మందెమ్మడే తోలుకోని పోతా."

ఆంజినమ్మ చాప మీద ఖాళీ చూసి కూర్చుంది. పక్కనున్న గిరి ఆ పిల్లను తోశాడు.

"లెయ్. అది హేమలత జాగా."

"యాడుండాది హేమలత?"

"ఈడే. నువ్వు దాని మీదనే కూసున్యావు."

ఆంజినమ్మ ఒక్క ఉదుటున లేచి, చాప వంకే చూస్తూ గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

పక్కవాళ్ల జాగా లాక్కోకూడదని నేర్పింది జయంతే. పిల్లలు ఆ మాట తప్పలేదు. ఆమె వెళ్లి ఆంజినమ్మ చెయ్యి పట్టుకుంది.

"హేమలత ఇంక రాదు. చనిపోయింది."



"ఊరికి పోయిందంటిరే," అన్నాడు గిరి. "నేను బలపం పెరుక్కుంటే అలిగిందనుకుంటి. మీరు పేరు కొట్టేస్తారని దినామూ నేనే పలుకుతాంటి."

"నీ తప్పు లేదురా. చెప్పకపోవడం నాది తప్పు."

"ఏడిస్తే కొడతారా?"

"కొట్టను."

వాడు మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆంజినమ్మ చెయ్యి విడిపించుకుని వెళ్లి వాడి పక్కన కూర్చుంది.

"మా గొర్రెపిల్ల సచ్చిపోయినబ్బుడు నేనూ ఇట్లనే ఏడ్సినా. మూడు దినాలు."

"తర్వాత?" అంది జయంతి.

"మేపను పోవాల గదా మేడం."

సాయంత్రం కుళ్ళాయప్ప వచ్చినప్పుడు ఆమె "రేపూ పంపండి" అని మాత్రం అనగలిగింది.