దేవమ్మ గీసిన గీత

నిచ్చెన ఆరో మెట్టు మీద మౌలా అలీ మోకాళ్లు వణకడం మొదలుపెట్టాయి. మే నెల ఎండ. పన్నెండు దాటింది. పొద్దున ఏడింటికి సుద్దతో గీతలు కొట్టుకుని మొదలుపెట్టిన పని, 'దేవమ్మ' పూర్తయి 'భోజనం' దగ్గరికి వచ్చింది. ఎడమ చేత్తో గోడకు కర్ర ఆనించి, దాని మీద కుడి మణికట్టు మోపి, ఊపిరి బిగబట్టి 'భో' చుట్టు తిప్పాడు. అరవై ఒకటో ఏట ఒంట్లో ఇంకా చెప్పిన మాట వింటున్నది ఆ కుడిచెయ్యి ఒక్కటే.

"అంకుల్, మరీ నీట్‌గ వస్తుంది. జెర పాతగ కనిపియ్యాలె," కింది నుంచి కేకేసింది నాగజ్యోతి. ఈ హోటల్‌కు గోడల రంగు నుంచి గ్లాసుల దాకా డిజైన్ చేసిన అమ్మాయి. ఆమె ఫోన్‌లో ఒక ఫొటో ఉంది. ఇరవై రెండేళ్ల కిందట, ఇదే చోట, మౌలా అలీ రాసిన బోర్డు అది.

"పాతగ అంటే ఎట్ల బేటా?"

"పెచ్చులు లేచినట్టు. ఆ పగుళ్లు సుత మీరే పెయింట్ చెయ్యాలె."

మౌలా అలీకి నవ్వొచ్చింది. ఆ పాత బోర్డును పోయినేడు గడ్డపారతో పీకి చెత్తబండికెత్తించిన పుణ్యాత్ములే, ఇప్పుడు కొత్త గోడ మీద పెచ్చులు రాయమని ఆరు వేలు ఇస్తామంటున్నారు. కానీ ఆరు వేలంటే నవ్వి వదిలేసేది కాదు. ఫ్లెక్సులు వచ్చాక అతని కుంచెకు నెలకొక పని దొరకడమే గగనమైంది. మిగతా రోజుల్లో ఆ ఫ్లెక్సులకే మేకులు కొట్టి ఐదు వందల కూలి తెచ్చుకుంటున్నాడు. బన్సీలాల్‌పేట్‌లోని రేకుల గదిలో భార్య మెహరాజ్ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని మధ్యాహ్నాలు మిషన్ తొక్కుతుంది. ఈ పని డబ్బుతో కూలర్ కొంటానని మాటిచ్చాడు. బేరం కూడా ఆడి వచ్చాడు, ఐదు వేల ఐదు వందలు.

ఒకప్పుడు సికింద్రాబాద్‌లో అతని చేతిరాత లేని బజారు లేదు. రాసే ముందు దుకాణం ఎదురుగా ఒక పూటంతా కూర్చునేవాడు. ఏం అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు, వచ్చేవాళ్లు తీరుబడిగా వస్తున్నారా, ఉరుకుల మీద వస్తున్నారా, అన్నీ చూసుకునేవాడు. మిఠాయి దుకాణానికి బూందీ లడ్డూల్లాంటి బొద్దు అక్షరాలు. ఇనుప సామాన్ల కొట్టుకు మూలలు తేలేటట్టు కోసుగా రాసేవాడు. మందుల షాపుకు నిటారుగా, ఏ నగిషీ లేకుండా. జ్వరంతో వచ్చినవాడికి అక్షరాల వయ్యారం దేనికి? బంగారం కొట్టుకు మాత్రం అక్షరం వెనక నీడ, ఆ నీడ వెనక ఇంకో నీడ. బీదవాళ్లు ఆ నీడలు చూసే జంకి అవతలి పక్కన నడిచేవారు. అక్షరం గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి లాంటిదని అతని నమ్మకం. చదువు రానివాళ్లకు కూడా అది రమ్మనో పొమ్మనో చెబుతుంది.

బండి మీద ఇడ్లీలు అమ్మే దేవమ్మ ఈ మడిగె కిరాయికి తీసుకున్నప్పుడు కూడా అట్లాగే ఒక పూట కూర్చున్నాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కార్మికులు, హమాలీలు, ఆస్పత్రిలో తమవాళ్లను చేర్పించిన పల్లెటూరివాళ్లు ఆమె గిరాకీ. ఆకలి మీద ఉన్నవాడికి చదివే ఓపిక ఉండదు, చూడగానే తెలిసిపోవాలి. అందుకని అక్షరాలను వెడల్పుగా, పొట్టిగా, బాసింపట్టు వేసుకుని విస్తరి ముందు కూర్చున్నట్టు రాశాడు. పసుపు మీద ఇటుక రంగు. కదిలే బస్సులోంచి కూడా కనబడేది.

పేరు కింద గీత మాత్రం మౌలా అలీ గీయడు. అది అతనికి పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన రివాజు. కుంచె దుకాణం మనిషి చేతికిచ్చి గీయిస్తాడు. వంకర పోయినా సరిదిద్దడు. ఆ గీత పడ్డాకే మజూరీ తీసుకుంటాడు, అప్పటిదాకా గోడ మీది రంగు అతనిదే. ఆ రోజు దేవమ్మ చెయ్యి వణికి గీత నడుమ కుంగింది, చివర పైకి లేచింది. "తప్పు వోయిందా అన్నా?" అని ఆమె బిక్కమొహం వేస్తే, "తప్పేం లేదు చెల్లె. గీత గీసినవ్ గద, ఇగ ఈ దుకాణం నీదే," అన్నాడు. ముప్పై ఏళ్లలో వంద మందికి అన్న మాట. శుభానికి అనే మాట.

దేవమ్మ దాన్ని నిజమనుకుంది. మడిగె యజమాని కొడుకు ఓంప్రకాశ్ లైసెన్సు తెప్పిస్తానని కాగితాల మీద ఆమె వేలిముద్రలు తీసుకుని, దుకాణం పేరు కూడా తన పేరు మీద రాయించుకున్నప్పుడు ఆమె ఏమీ అడగలేదు. పోయినేడు అతని మనుషులు ఖాళీ చేయమని వచ్చి, నీదనడానికి కాగితమేదంటే ఆమె బోర్డు చూపించింది. "గీత నేనే గీసిన," అంది. వచ్చినవాళ్లు నవ్వారట. ఆ సంగతి మౌలా అలీకి ఆర్నెల్లకు తెలిసింది. అప్పటి నుంచి అన్నం నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ నవ్వు వినబడేది. అయినా కూలర్ కోసం ఈ పని ఒప్పుకున్నాడు. పొద్దున వచ్చేసరికి దేవమ్మ ఇదే హోటల్ వెనక గుమ్మంలో ఉల్లిగడ్డలు కోస్తూ కనబడింది. రోజుకు నాలుగు వందలట. చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చి, మళ్లీ ఉల్లిగడ్డల ముందు కూర్చుంది.

'నం' మీద రెండో పూత వేస్తుండగా, వెలిసిన నీలం చొక్కాలో ఒక ముసలాయన రోడ్డు దాటి వచ్చాడు. వర్క్‌షాపులో రిటైరైన లూకా. దేవమ్మ దగ్గర పద్దెనిమిదేళ్లు తిన్నవాడు.

"మౌలా భాయ్! దేవమ్మ మళ్ల షురూ చేసిందా? బస్సులకెల్లి నీ అక్షరాలు గుర్తువట్టి దిగిన."

మౌలా అలీ నోరు తెరిచేలోపే లూకా గుమ్మం దగ్గరికి వెళ్లిపోయాడు. హోటల్ వారం కిందటే తెరిచారు, బోర్డు ఒక్కటే మిగిలింది. అద్దం తలుపు మీద ధరలు ఇంగ్లీషులో, బూడిద రంగులో, చీమల బారులా సన్నగా ఉన్నాయి. లూకా కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. కాపలా మనిషి వచ్చి ఏం కావాలని అడిగాడు.

"అన్నం తిందామని."

"ప్లేటు మూడు వందల ఎనభై, పెద్దాయనా."

లూకా చెయ్యి చొక్కా జేబు దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. "నేను తినే వచ్చిన. ఊకె సూద్దామని..." అన్నాడు. బయటికి వచ్చి, నిచ్చెన వైపు తలెత్తకుండా బస్‌స్టాపు దారి పట్టాడు.

మౌలా అలీకి ముఖం కాలిపోయినట్టైంది. ఆ మనిషిని పిలిచింది తన అక్షరం. పిలిచి, గుమ్మంలో పరువు తీసి పంపింది. ఇన్నేళ్లలో అతని అక్షరం వంకర పోయిందేమో గానీ అబద్ధం ఆడలేదు.

అంతలో హోటల్ యజమాని ఓంప్రకాశ్ కారు దిగాడు. చిన్నప్పుడు దేవమ్మ దగ్గర ఊరికే ఇడ్లీలు తిని పెరిగినవాడు, ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాడు.

"మౌలా చాచా, మస్తుగున్నది! ఇగ గీత ఒక్కటే గద. దేవక్కను పిలువున్రి, ఆమెతోనే గీపిద్దాం. వీడియో తీసి పెడితే జనాలు ఎగవడి వస్తరు."

దేవమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనక సందులోంచి వచ్చింది. నెత్తి మీద హోటల్ వాళ్లు ఇచ్చిన కాగితం టోపీ ఉంది. నాగజ్యోతి ఆ టోపీ తీసేయమని సైగ చేసి ఫోను ఎత్తింది. మౌలా అలీ కిందికి దిగి, కుంచె రంగులో ముంచి ఆమెకు అందించాడు. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

దేవమ్మ తలెత్తి పేరు వైపు చూసింది.

"పాత లెక్కనే రాసినవ్ అన్నా," అంది మెల్లగా. తర్వాత అడిగింది. "అప్పుడు గీత గీస్తే దుకాణం నాదన్నవ్. ఇప్పుడు గీస్తే ఎవరిదైతది?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నీదే గదక్కా," ఓంప్రకాశ్ నవ్వాడు. "నీ పేరే గద ఉన్నది."

"నా పేరుంటే నేనెందుకు ఎన్క దర్వాజకెల్లి రావాలె కొడుకా?" దేవమ్మ కుంచెను రంగు డబ్బా మీద అడ్డంగా పెట్టింది. "ఉల్లిగడ్డలు కొయ్యమంటే కోస్త. గీత మాత్రం నేను గీయ."

ఓంప్రకాశ్ నవ్వు సన్నబడింది. "సరే చాచా, మీరే గీయున్రి. ఫొటోల ఎట్లున్నదో అట్లనే, నడుమ కుంగినట్టు. ఇంకో వెయ్యి ఇస్త."

"నేను గీయొద్దు బేటా. అది మా రివాజు."

"మరి పైసలు వద్దా?"

"ఇంక తీస్కోలె గద," అన్నాడు మౌలా అలీ. "తీస్కోనంతదాంక రంగు నాది."

పాతగుడ్డను టర్పెంటైన్‌లో ముంచి మళ్లీ నిచ్చెన ఎక్కాడు. 'దే' మీద గుడ్డ పెట్టి గట్టిగా రుద్దాడు. ఎండకు పైపొర బిగుసుకుంది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఇటుక రంగు పసుపు మీద పాకి మోచేతి దాకా కారింది. నాగజ్యోతి ఫోను దించేసింది.

"తుడువున్రి, మంచిగ తుడువున్రి!" ఓంప్రకాశ్ అరిచాడు. "ఫొటో నా దగ్గర ఉన్నది. రేపు పొద్దుగాల్ల ఫ్లెక్స్ కొట్టిపిస్త, మీ గీతతో సహా."

కొట్టిస్తాడు. ఆ సంగతి మౌలా అలీకి తెలుసు. ఫోన్‌లో ఉన్నదాన్ని అతని గుడ్డ తుడవలేదు. రేపు ఆ ఫ్లెక్స్‌కు మేకులు కొట్టడానికి ఎవరో ఒకరు ఐదు వందలకు వస్తారు. సాయంత్రం రేకుల కింద మెహరాజ్‌కు కూలర్ లేదని చెప్పాలి. మోకాళ్లు మళ్లీ వణికాయి, నిచ్చెన ఊగింది, అంతలోనే ఆగింది. కిందికి చూస్తే దేవమ్మ రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

'వ' సరిగా పోలేదు. గుడ్డ కిందికి జారవిడిచాడు. దేవమ్మ దాన్ని టర్పెంటైన్‌లో ముంచి, పిండి, మళ్లీ పైకి అందించింది.