ఇసుక ఎత్తుతుంటే విరిగింది

దోర్కా ఆ అబద్ధం ఆడి ఐదు రోజులైంది. చాలా చిన్న అబద్ధం. "ఇసుక ఎత్తుతుంటే ఇరిగిపోనాది సిన్నాన్నా" అంది, అంతే. ఆ మాట నోరు జారిన దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

విరిగింది ఆమె తోట ట్రాక్టరు ముందు బిగించిన లోడరు. మలంచా పేటలో రోడ్డు వారన దోర్కాకు మొక్కల నర్సరీ ఉంది. మట్టీ పేడా మోసుకోవడానికి బుల్లి ట్రాక్టరు కొనుక్కుంది. దాని ముందు రెండు ఇనుప చేతులూ వాటి చివర బకెట్టూ పెట్టి ఆ లోడరు తయారుచేసింది మాత్రం దేముడు. అతను రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఆరేళ్లు వెల్డరు. దోర్కా తండ్రి క్రిస్టోఫర్‌తో ఒకే షెడ్డులో పనిచేసినవాడు. అందుకే అతను ఆమెకు చిన్నాన్న. దోర్కా వాళ్లది చర్చి, దేముడు వాళ్లది గుడి, అయినా ఆ వరస ఎప్పుడూ మారలేదు.

లోడరు బిగించిన రోజే దేముడు గట్టిగా చెప్పాడు. "మట్టి ఎత్తుకో, పేడ ఎత్తుకో, ఇసుక ఎత్తుకో. గొలుసు మాత్రం కట్టీకు పాపా. ఇది ఎత్తీదే గాని లాగీది కాదు."

దోర్కా కట్టింది. వెనక గోడ దగ్గర కొట్టేసిన వేపచెట్టు మొద్దు ఒకటి ఆమెకు ఎప్పట్నుంచో అడ్డంగా ఉంది. పక్క స్థలంలో పునాదులు తవ్వుతున్న జేసీబీ డ్రైవరు గోడ మీంచి చూసి, బెంగాలీలో "ఓ దీదీ, ఖేల్నా దియే హోబే నా!" అని నవ్వాడు. బొమ్మతో అయ్యే పని కాదట. యాభై రెండేళ్ల మనిషికి ఎక్కడ లేని పౌరుషం వచ్చింది. గొలుసు బకెట్టు మూలకు తగిలించి లివరు లాగింది. మొద్దు కదల్లేదు. ట్రాక్టరు వెనక చక్రాలు లేచాయి. లోడరు కుడివైపు చెయ్యి మెలితిరిగి, సరిగ్గా అతుకు అంచున పటుక్కుమంది. డ్రైవరు నవ్వలేదు. మొహం తిప్పేసుకుని తన పని చేసుకున్నాడు. నవ్వినా బావుణ్ణనిపించింది దోర్కాకు.

గొలుసు తీసి ఎరువు బస్తాల వెనక పడేసి, అప్పుడు దేముడికి ఫోను చేసింది. అతను ఆదివారం పలాస వెళ్లిపోతున్నాడు, తమ్ముడి దగ్గరికి, ఇక ఇటు రాడు. పోయే ముందు ఆ వారం రోజులూ అతని చేత తిట్లు తినడం ఇష్టంలేకనే ఆ అబద్ధం ఆడింది. తిడతాడనుకుంది. అతను తిట్టలేదు.

వచ్చి, పగులు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. మళ్లీ రుద్దాడు. తర్వాత అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఇసుకకే ఇరిగిపోయిందంటే అది నా తప్పే. కన్ను ఆపరేషన్ కాకముందు సేసిన పని ఇది. మసగ్గా ఉన్నా పట్టించుకోనేదు. నీ మీద పడుంటే ఏటయ్యీది పాపా?"

ఆ క్షణమే చెప్పాల్సింది. దోర్కా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇవాళ మరమ్మతు. దేముడు తను వెల్డింగు పట్టనన్నాడు. ఒకప్పుడు తన దగ్గర పని నేర్చుకున్న కిరణ్‌కుమార్‌ను పిలిపించాడు. కిరణ్‌కుమార్‌కు ఇప్పుడు నలభై దాటాయి, సొంత షెడ్డు ఉంది. వచ్చీ రాగానే ఆయిలు పైపులు ఊడదీశాడు, బకెట్టు విప్పాడు, రెండు చేతులూ సిమెంటు గచ్చు మీద పక్కపక్కన పడుకోబెట్టాడు. ఎడమది గచ్చుకు అంటుకుని ఉంది. కుడిది గచ్చుకు ఆనకుండా ఒకవైపు లేచి ఉంది.

అతను తల గోక్కున్నాడు. "ఉస్తాదూ, ఇసుకకి ఇలాగ మెలి తిరగదు. ఎవులో మూల పట్టుకుని లాగినట్టుంది."

దోర్కా చూపు ఎరువు బస్తాల వైపు పోయింది.

"ఆ పిల్ల సెప్పింది గదేటి, ఇసుకని!" అని దేముడు కసిరాడు. "క్రిస్టోఫర్ కూతురు అబద్ధాలాడతాదేటి? అతుకు పచ్చిగా ఉండిపోనాది, చెయ్యి మెలి తిరిగింది. నా తప్పు కప్పెట్టీకు."

"ఠీక్ హై, మీ ఇష్టం" అని కిరణ్‌కుమార్ గ్యాసు సిలిండరు తేవడానికి వెళ్లాడు.

ఇద్దరే మిగిలారు. దేముడు తన సంచిలోంచి ఆకురాయి తీశాడు. వర్క్‌షాపులో ప్రతి వెల్డరుకూ ఒక నంబరు ఉండేది. అతుకు వేశాక దాని పక్కన ఉక్కు పంచ్‌తో ఆ నంబరు కొట్టాలి. రేపు ఆ అతుకు ఊడితే నంబరు చూసి మనిషిని పిలుస్తారు. దేముడిది నలభై ఏడు. రిటైరయ్యాక కూడా, ఎవరూ అడక్కపోయినా, చేసిన ప్రతి పని మీదా కొట్టేవాడు. ముప్ఫై ఆరేళ్లలో ఒక్కసారి కూడా నంబరు చూసి తనను పిలవలేదని చెప్పుకునేవాడు. ఇప్పుడు కుడి చేతి మీది ఆ నలభై ఏడును ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఇనుప రజను అతని మోకాళ్ల మీద రాలుతోంది.

"ఎందుకు సిన్నాన్నా?"

"కిరణ్ సేసిన పని మీద నా నంబరు ఎందుకు? ఇరిగిన పని మీద అసలే వద్దు."

ఏళ్ల క్రితం చెల్లెలు ఏంజెలా మద్రాసు బండెక్కిన రోజు దోర్కా కోపంతో స్టేషనుకు వెళ్లలేదు. ఆ చెల్లెల్ని మళ్లీ చూడలేదు. అప్పటినుంచీ ఎవరు పెట్టె సర్దుకున్నా ఆమెకు ఆ రోజే గుర్తొస్తుంది. ఆదివారానికి మూడు రోజులే ఉన్నాయి. ఆమె బస్తాల వెనకనుంచి గొలుసు లాక్కొచ్చి దేముడి ముందు పడేసింది.

"ఇసుక కాదు. మొద్దుకి కట్టి లాగినాను. నీ అతుకు తప్పేటీ నేదు."

ఆకురాయి ఆగింది. దేముడు గొలుసు వైపు చూశాడు, మొద్దు వైపు చూశాడు. ఆమె వైపు చూడలేదు.

"ఐదు రోజులు" అన్నాడు. "ఐదు రోజులు నా కళ్లు సెడిపోనాయనుకున్నాను. అందుకే వెల్డింగు పట్టనన్నాను."

"తప్పయిపోయింది."

"నాకు సెప్పేస్తే అయిపోద్దేటి? కిరణ్ రానీ. ఆడి ముందు సెప్పు."

కిరణ్‌కుమార్ బ్యాటరీ రిక్షా టోటోలోంచి సిలిండరు దించుకుని వచ్చేసరికి దోర్కా ఎదురెళ్లి నిలబడింది. కన్నకొడుకు వయసువాడు కాకపోయినా తనకన్నా చిన్నవాడు, రేపు దారిలో ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు. అతని ముందు చెప్పింది. గొలుసు సంగతీ, డ్రైవరు నవ్విన సంగతీ, అన్నీ.

కిరణ్‌కుమార్ మొహం నల్లబడింది. "ఉస్తాదూ, నేను... నిన్న బుజ్జిబాబు టీకొట్టు కాడ అనేసినాను. ఉస్తాదుకి పనితనం పోయిందని. అందరూ ఉన్నారు."

దేముడు తల దించుకున్నాడు. తర్వాత లేచి, గ్యాసు గొట్టం కిరణ్‌కుమార్ చేతిలోంచి తీసుకున్నాడు. "అటేపు పట్టుకో. కొద్దికొద్దిగా కాల్సి తిప్పాలి. తొందరపడితే ఇంకో వైపు పోద్ది." మంట అంటించాడు. ఇనుము మెల్లగా ఎర్రబడసాగింది.

"ఎవరెవరున్నారు కిరణ్, టీకొట్టు కాడ?" అని దోర్కా అడిగింది.

"సొలొమోను, అప్పలకొండ, శ్రీనివాస్... పాత వర్క్‌షాపోళ్లందరూ. ఈ టైముకి అక్కడే ఉంటారు. సాయంత్రం నేనే సెప్తాలే దీదీ."

"నువ్వెందుకు సెప్పాలి?"

చెప్పులు వేసుకుంది. వద్దులే అని దేముడు అంటాడేమోనని గేటు దగ్గర కాస్త ఆగింది. అతను మంట మీంచి చూపు తిప్పలేదు.

సిలిండరు తెచ్చిన టోటో ఇంకా అక్కడే ఉంది. ఎక్కింది. టీకొట్టున్న గోల్ బజారు చేరేదాకా ఏ మాటతో మొదలుపెట్టాలా అని వెతుక్కుంటూనే ఉంది, దొరకలేదు. టీకొట్టు బల్ల మీద ఐదారుగురు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. సొలొమోను ఆమెను చూసి జరిగి చోటిచ్చాడు. "రామ్మా, కూకో. మీ సిన్నాన్న లోడరు బాగయిందా? పాపం, పెద్దోడైపోనాడు."

బుజ్జిబాబు గ్లాసు అందుకుని, "టీయేనా దీదీ?" అన్నాడు.

"టీ వద్దు" అంది దోర్కా. కూర్చోలేదు. "మీ అందరికీ ఓ మాట సెప్పాలి."