బాస్యో మూతి సైగ

నేను తక్కువ మాట్లాడతాను. మా బాస్యో నాకంటే తక్కువ. జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి నడిపిన రోజుల్లో కూడా వాడు నోరు విప్పేవాడు కాదు. అవునని చెప్పాలంటే కనుబొమలు ఎగరేస్తాడు. దారి అడిగితే మూతి ముందుకు సాచి ఆ వైపు చూపిస్తాడు. మనీలాలో అందరం చేసే పనే, కాని వాడికి అదే భాష.

పొద్దున్నే కొట్లు తెరవక ముందు మేం ముసలివాళ్లం కుబావో మాల్‌లో నడుస్తాం. బయట ఉక్క, లోపల చల్లగాలి. ఏమీ కొనక్కర్లేదు. గేటు దగ్గర గార్డు తనిఖీకని మా సంచుల్లో పుల్ల పెట్టి ఒకసారి కెలుకుతాడు, అంతే. దర్జీ కొట్టు పురింగ్ కూడా మాతో నడుస్తుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఆమె కనబడితే బాస్యో చొక్కా గుండీలు సరిచూసుకుంటాడు.

ఒకరోజు ఆమె చెప్పులు కుట్టే కొట్టు ఎటని వాణ్ణి అడిగింది. వాడు మూతి సాచాడు.

"దారి చూపిస్తున్నారా బాస్యో గారూ, ముద్దడుగుతున్నారా?" అంది పురింగ్.

మాలో నవ్వనివాడు లేడు. ఆ తర్వాత చాలా రోజులు వాడు పది కొట్ల దూరం వెనకే నడిచాడు.

మంగళవారాలు ముసలివాళ్లకు పై అంతస్తులో సినిమా ఉచితం. పురింగ్ ఎప్పుడూ మాతో నడిచే గోర్యో పక్కన కూర్చుంటుంది. సినిమా ఆగినా గోర్యో నోరు ఆగదు. ఒక్కసారి ఆమె తన పక్కన కూర్చుంటే చాలని బాస్యో ఆశ. అందుకే ఆ మంగళవారం తలకు నూనె రాసుకొచ్చి, నన్ను ఒక సీటు అవతలికి జరగమన్నాడు. మూతితోనే.

దీపాలు ఆరాక పురింగ్ వచ్చింది. ఆమెకంటే ముందు సంచిలోని ఉడికించిన వేరుశనగల వాసన వచ్చింది. మా వరుస దగ్గర ఆగి, ఈ సీటు ఖాళీయేనా అని అడిగింది. వాడు కనుబొమలు ఎగరేసే ఉంటాడు. ఆ చీకట్లో నాకే కనబడలేదు. ఆమె మళ్లీ అడిగింది. వాడు ఇంకా పైకి ఎగరేసి ఉంటాడు. ముందు వరుసలోంచి గోర్యో, తన పక్కన చోటుంది రమ్మని పిలిచాడు. ఆమె అటు తిరిగింది.

నేను ఖాళీ సీటు మీంచి చెయ్యి చాచి వాడి డొక్కలో పొడిచాను.

"ఖాళీయే," అన్నాడు బాస్యో, జీప్నీ హారన్ మోగినట్టు. "మీకోసమే ఉంచాను."

హాలంతా విన్నది. గోర్యో కూడా నోరు మూశాడు.

పురింగ్ కూర్చుని వేరుశనగల పొట్లం వాడి ఒళ్లో పెట్టింది. కాసేపటికి, బయటికి వెళ్లే తలుపు ఎటని అడిగింది. వాడు మూతి సాచే ఉంటాడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

"చీకట్లో తెలియడం లేదు," అంది పురింగ్. "ఇంకాస్త దగ్గరికొచ్చి చూపించండి."

నేను తెర మీదికి చూపు తిప్పేశాను. అది ఏ సినిమానో ఇప్పటికీ చెప్పలేను.