లొల్లి అయిన ఏడు

ఎక్కడైనా నెరిసిన తల కనబడితే చాలు, కిరణ్మయి ఆగిపోతుంది. “మీకెన్నేళ్ళండీ?” అని అడిగేస్తుంది. జవాబు చెప్పినా వదలదు. ఏ సంవత్సరం పుట్టారు, ఎవరు చెప్పారు, సరిగ్గా గుర్తుందా అని పీకుతుంది. బస్సులో పక్క సీటువాళ్ళు లేచి వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఆవిడకు పిచ్చేమీ లేదు. ఒక మనిషి వయసు తప్పు రాసింది, అంతే. ఆ మనిషి ఇప్పటికీ ఆవిడను వదల్లేదు.

అది తొంభై ఎనిమిది వేసవి. మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు లేస్తున్న కాలం. తణుకు నుంచి పెళ్ళయి వచ్చిన కిరణ్మయికి ఊరు కొత్త, ఉద్యోగమూ కొత్త. కూలీల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆరోగ్య శిబిరంలో పేరూ వయసూ రాసి, బీపీ చూసి, కార్డు నింపడం ఆవిడ పని. మందు రాసేది పట్టాభిరామయ్య గారు. రిటైరైన డాక్టరు, మంచివారే. కానీ ఆయన దగ్గర ఓ పాత లెక్క ఉండేది. వయసుకు వంద కలపాలి, పై అంకె అంతవరకూ ఉండొచ్చు, దాటితేనే మందు. నలభై ఏళ్ళు ఆ లెక్కతోనే నెట్టుకొచ్చారు, ఎవరూ కాదనలేదు. కాదనవలసినవాళ్ళు మిగల్లేదేమో మరి.

ఒక రోజు క్యూలో రుక్కమ్మ వచ్చింది. తలకు గుడ్డ బిగించి కట్టుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు ముగ్గుబుట్ట. గోపన్‌పల్లిలో ఉన్న రెండెకరాలూ ప్లాట్లయిపోయాక, భర్త పోచయ్య అరుగు దిగడం మానేశాడు. ఇల్లు ఈవిడ మీద పడింది. చీకటితో లేచి వంట చేసి, లారీ ఎక్కి వచ్చి, పొద్దుగూకేదాకా కంకర తట్టలు మోసి, వెళ్ళి మళ్ళీ పొయ్యి ముట్టించాలి.

“కూర్చోండి మామ్మగారూ,” అంది కిరణ్మయి.

“మామ్మనేంది మేడమ్, నాకింక మనుమలే కాలే.” వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. కిరణ్మయి కూడా నవ్వింది. ముసలావిడ సరదా మనిషి అనుకుంది.

“ఏమిటి ఇబ్బంది?”

“తలకాయ పలిగిపోతున్నది. జాగ పోయిన కాడికెల్లి కంటికి నిద్ర లేదు.”

“వయసెంత?”

“ఎవలు రాసి పెట్టిన్రు మేడమ్. లొల్లి అయిన ఏడు పెద్దమనిషినైన. పదమూడేండ్లుండె.”

కిరణ్మయికి తెలంగాణ చరిత్రలో తెలిసిన గొడవ ఒక్కటే, స్కూలు పుస్తకంలో చదివిన రజాకార్ల గొడవ. నలభై ఎనిమిది. అందులోంచి పదమూడు తీస్తే ముప్పై అయిదు. అరవై మూడేళ్ళు. ఎదురుగా ఉన్న ముఖం కూడా అవునవునంది. ఏ లొల్లి అని ఒక్క మాట అడిగితే పోయేది. వెనక ఇంకా నలభై మంది ఉన్నారు, ఎండ మండిపోతోంది. కార్డు మీద 63 అని గుండ్రంగా రాసింది.

బీపీ నూట అరవై నాలుగు వచ్చింది.

“ఒక్కటే ఎక్కువ,” అన్నారు పట్టాభిరామయ్య గారు. “నడిచొచ్చిన ఆయాసం. ఈ వయసులో ఇది మామూలేనమ్మా. ఎండలో తిరక్కు.” ఎండలో తిరగకపోతే ఏం తినాలో ఆయన చెప్పలేదు. ఇచ్చినవి బలం బిళ్ళలు.

ఆ వారమే కిరణ్మయి భర్త ఉదయ్ భాస్కర్‌కు ఆఫీసులో పరీక్షలు చేశారు. ముప్పై మూడేళ్ళ మనిషి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా చూసే పనిలో తలమునకలై ఉన్నాడు. నూట నలభై ఆరు వచ్చేసరికి కంపెనీ కంపెనీ అంతా కదిలింది. ఈసీజీ తీయించారు, కారులో ఇంటికి దింపారు, వారం సెలవిచ్చారు, మాత్రలు ఇంటికే పంపారు. ఆయన సోఫాలో పడుకుని, “టెన్షన్ అంటే ఏమిటో నీకు తెలీదు కిరణ్,” అంటూ మూలిగాడు. ఆవిడ కూరల్లో ఉప్పు తగ్గించింది, దేవుడికి మొక్కుకుంది. నూట అరవై నాలుగు ఉన్న మనిషి ఒకావిడ అదే ఎండలో తట్ట ఎత్తుతోందని గుర్తుకే రాలేదు. ఆ గుర్తుకు రాకపోవడమే ఇప్పుడు ఆవిడను ఎక్కువ బాధపెడుతుంది.

ఎనిమిదో రోజు శిబిరం గోపన్‌పల్లిలోనే పెట్టారు. బాలమ్మ అనే ఆవిడ మేకలను గోడవారగా తోలి వచ్చి కూర్చుంది. నిటారుగా ఉంది, జుట్టు సగం నలుపే.

“రజాకార్లు ఊరి మీద పడ్డ ఏడు నాకు పదేండ్లు బిడ్డా,” అంది. “అయితే మీకు అరవై,” అంటూ కిరణ్మయి రాసింది. బీపీ నూట ముప్పై నాలుగు.

“నాకేం ఫికర్ లేదు. మీరిచ్చిన గోలీలు మా రుక్కమ్మకే పనిచేస్తలేవు. తలకాయ నొస్తనే ఉన్నది.”

“రుక్కమ్మ మీ అక్కగారా?”

“అక్కేంది? నా పెద్ద బిడ్డ!”

కిరణ్మయి చేతిలో పెన్ను ఆగింది. “లొల్లి అయిన ఏడు పదమూడేళ్ళన్నారే...”

“అవు. తెలంగాణ లొల్లి. అరవై తొమ్మిదిల బడులన్ని బందు వెట్టిన్రు గద. గప్పుడు.”

కిరణ్మయి కార్డు అంచున మళ్ళీ లెక్క వేసింది. రుక్కమ్మకు నలభై రెండు. డాక్టరు గారి లెక్క ప్రకారమే చూసినా నూట నలభై రెండు దాటకూడదు. పరుగున వెళ్ళి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి లేచారు. “జీపు తియ్యమనమ్మా, మాత్రలు పట్టుకో,” అన్నారు.

బాలమ్మను కూడా ఎక్కించుకుని మాదాపూర్ చేరేసరికి ఇటుకల నీడలో జనం మూగి ఉన్నారు. రుక్కమ్మ నోరు ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి చచ్చుబడింది. గాలి సోకిందని ఎవరో వేపమండలతో విసురుతున్నారు. కిరణ్మయిని చూసి ఆవిడ ఏదో అనబోయింది. మాట రాలేదు. ఆ చూపు తిడుతోందో బతిమాలుతోందో కిరణ్మయికి ఈనాటికీ తేలలేదు.

పెద్ద దవాఖానలో చీటీ రాసే గుమాస్తా వయసు అడిగాడు.

“నలభై రెండు,” అంది కిరణ్మయి.

అతను స్ట్రెచర్ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. “ఏమన్న కాగితముందా మేడమ్?”

బాలమ్మ కూతురి రొండిన దోపుకున్న శిబిరం కార్డు గబగబా తీసి ఇచ్చింది. అతను చూసి 63 వేసుకున్నాడు.

“అది తప్పండీ, నేనే రాశాను!”

“మీరే రాస్తిరి, మీరే తప్పంటిరి. జర పక్కకు జరుగున్రి.”

పట్టాభిరామయ్య గారు లోపలికి వెళ్ళి బతిమాలారు. చీటీ చూసిన కుర్ర డాక్టరు, “ఈ వయసులో ఇంతే సార్, చిన్నవాళ్ళకే మంచాలు చాలట్లేదు,” అన్నాడు. పట్టాభిరామయ్య గారు రోజూ అనే మాటే అది. రుక్కమ్మను వరండాలో పడుకోబెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

చనిపోయినట్టు రాసిన కాగితం చేతికిచ్చారు. బాలమ్మ దాన్ని కిరణ్మయి ముందు పెట్టింది.

“ఏమని రాసిన్రు బిడ్డా?”

కిరణ్మయి పేరు చదివింది, ఊరు చదివింది, ఆగింది.

“గా అంకె గూడ చదువు.”

“అరవై మూడు.”

బాలమ్మ చాలాసేపు ఆలోచించింది. “నాకే అరవై అంటివి గద. నా కడుపుల పుట్టింది నాకంటె పెద్దదెట్లయింది?” కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

కిరణ్మయి చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోగా ముసలావిడ తనకు తానే తల ఊపుకుంది.

“నిజమే తియ్. దాని మొకం జూస్తే గట్లనే ఉండె. సదువుకున్నోళ్ళు మీకు తెల్వదా,” అని కాగితం మడిచి కొంగున ముడి వేసుకుంది.

కిరణ్మయి నోరు మూసుకుంది. ఆ తప్పు తనదని ఆ తల్లికి ఎప్పుడూ చెప్పలేదు.