ఇద్దరు కూర్చునే మగ్గం

మంగళగిరిలో మా మగ్గం గుంట ఒక్క మనిషి కాళ్లకే తవ్వింది. దాన్ని ఇద్దరికి సరిపడా వెడల్పు చేయించింది అలేఖ్య. గుంటూరు అమ్మాయి, బొమ్మలు వేస్తుంది. పత్తిచేలూ మిరప కల్లాలూ బట్టలోనే బొమ్మగా నేయించి, హైదరాబాదులో గోడకి వేలాడదీస్తానంది.

"కట్టుకోని బట్ట ఎందుకమ్మా?" అన్నాను.

"చూడ్డానికి, పానకాలు గారూ."

"చూడ్డానికైతే నేనున్నాగా!"

ఆ పనికి బెంగాల్ నుంచి నిమాయ్ వచ్చాడు. వాళ్ల జాందానీ నేతకి ఒకే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. బొమ్మ ఉన్నచోటల్లా రంగు నూలు చేత్తో పడుగులోకి దూర్చాలి, చెరో సగం. ఇద్దరి పనీ అయ్యాకే అడ్డపోగు లాగే నాడె కదులుతుంది. మా ఆవిడ వెంకటేశ్వరమ్మ పోయాక నా పక్కన ఓ మనిషి కూర్చోవడం అదే మొదలు. ఇక నా నోరు ఆగుతుందా?

"ఓ ఏడు ఎంత తేలికపాటి పత్తి పండిందనుకున్నావ్? బండి ఎద్దులతో సహా గాల్లోకి లేచి పెదకాకాని గుడి మీదుగా పోయింది. బండోడు పైనుంచే దణ్ణం పెట్టుకున్నాడు!"

నిమాయ్‌కి అప్పటికి తెలుగు రాదు. నేను చేతులూపిన తీరు చూసి కాబోలు, పకపకా నవ్వాడు. అలేఖ్య మాత్రం గబగబా ఎగిరే బండి బొమ్మ గీసి పడుగు కింద పెట్టింది. "ఇదీ నేయండి" అంది.

కిటుకు దొరికింది. కథ చెబితే బొమ్మ పెరుగుతుంది. బొమ్మ పెరిగితే బట్ట మగ్గం మీంచి తెగదు. బట్ట తెగకపోతే నిమాయ్ రైలెక్కడు.

మిరపయార్డు ఘాటుకి రైలు తుమ్మి తాడేపల్లి దాకా వెనక్కి పోయిందన్నాను. రైలు బట్టలోకెక్కింది. చీమకుర్తి గ్రానైటు నున్నదనానికి దోమ జారిపడి నడుం విరగ్గొట్టుకుందన్నాను. దోమా ఎక్కింది. సాయంత్రం నిమాయ్ తన గదికి పోతే ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. రేపటికి ఏం అబద్ధం వండాలా అని దాని కింద కూర్చునేవాణ్ణి.

ఈలోగా నిమాయ్‌కి తెలుగు పట్టుబడింది. నన్ను మాత్రం వాళ్ల భాషలోనే దాదా, అంటే అన్నా, అనేవాడు.

"పానకాలు దాదా, దోమకి నడుం ఎక్కడ?"

"విరిగాక ఎక్కడుంటుందిరా!"

చివరికి పడుగు బెత్తెడు మిగిలింది.

"కొత్త పడుగు అతుకుదాం," అన్నాను. "పోగుకి పోగు మెలేస్తే సరిపోద్ది. కృష్ణలో చేప కథ ఇంకా చెప్పనే లేదు."

"ఇప్పటికే గోడ చాలదండీ," అంది అలేఖ్య. "అయినా మీరిద్దరూ నేస్తానంటే నేను వద్దనను." నిమాయ్ వంక చూసింది.

నిమాయ్ చేతిలో నూలు పక్కన పెట్టాడు.

"దాదా, ఇంట్లో మా అన్న. ఒకటే మగ్గం, ఇద్దరం. నేను ఇక్కడ. అన్న పక్కన మనిషి లేదు. రోజూ పొద్దున మగ్గం ముందు కూర్చుంటాడు, వదిన ఫోన్లో చెప్పింది. నేత లేదు, ఊరికే కూర్చుంటాడు."

"ఇంకెవర్నైనా కూర్చోబెట్టుకోవచ్చుగా?"

"నువ్వు కూర్చోబెట్టుకుంటావా?"

చేప కథ నాలుక చివరే ఉంది. కత్తెర తీశాను. నిమాయ్ బట్టని బిగించి పట్టుకున్నాడు. కోశాను.

విజయవాడ స్టేషన్లో రైలు కదులుతుంటే కిటికీ పక్కన పరిగెత్తాను.

"దార్లో ఎవరికీ నా కథలు చెప్పబాకరా, నమ్ముతారు!"

నవ్వాడు. ఈసారి మాట అర్థమయ్యే నవ్వాడు.

మళ్లీ మా మంగళగిరి చీరలే నేస్తున్నాను. అంచుకి జరీ ఉంటుంది గానీ ఒంట్లో ఒక్క పువ్వు కూడా ఉండదు, అంతా ఒకటే రంగు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా ఒక్క మాటతో పని పడదు.