పదకొండు నవ్వులు

కాటా మీద నిలబడ్డ శ్రీరామ్మూర్తి బరువు, చేతుల్లోని డబ్బాతో కలిపి, యాభై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. ఎర్ర అంకెలు ఆ సంగతి గోడౌనంతటికీ చూపిస్తున్నాయి. మెడలో కంపెనీ కార్డు, రెండు చేతుల్లో ముందురోజు డెలివరీ కాక వెనక్కొచ్చిన మిక్సీ డబ్బా. వయసు యాభై ఆరు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న సూపర్‌వైజర్ ఉదయ్‌కుమార్‌కి ఇరవై ఎనిమిది.

"డబ్బా కిందికి దించు. మొహం కనబడాలి. ఎన్ని నిమిషాలు లేటు?"

"పన్నెండు, సార్."

"గట్టిగా."

"పన్నెండు నిమిషాలు, సార్!"

గోపాలపట్నం గోడౌన్‌లో ఇది కొత్త కాదు. పార్సిళ్లు తూచే కాటా ఎక్కడం అక్కడి వ్యాను డ్రైవర్లకి శిక్ష. లేటుగా వచ్చినా, పార్సిల్ వెనక్కి తెచ్చినా, ఎదురు మాట్లాడినా ఎక్కాలి. ఉదయ్‌కుమార్ దిగమన్నప్పుడే దిగాలి. పైగా దానికో పద్ధతి పెట్టాడు. కిందటిసారి ఎక్కినవాడే ఈసారి ఎక్కినవాడి ఫోటో తీసి డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కిటుకంతా అందులోనే ఉంది. నిన్న తలదించుకున్నవాడు ఇవాళ ఫోన్ ఎత్తి పట్టుకుంటాడు. వంతు మారిందని ఊపిరి పీల్చుకుంటాడు. అందరి చేతులకీ మసి అంటుకున్నాక ఎవడు ఎవడి కోసం నోరు తెరుస్తాడు?

ఆ ఉదయం ఫోటో తీసే వంతు పోలిరాజుది.

పోలిరాజుది జాలరిపేట. తండ్రీ అన్నా ఇంకా వేటకి పోతారు. తనకి సముద్రం పడక వ్యాను పట్టాడు. సోమవారం నాడు ఇదే కాటా మీద ఇరవై నిమిషాలు నిలబడి, ఇంటికెళ్లి భార్య మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇవాళ ఇంకొకడు ఎక్కాడు. ఒళ్లు తేలికైంది. ఆ తేలికలోనే అన్నాడు:

"మావా, ఓపాలి నవ్వు. పెళ్లి ఫోటోలాగుండాల."

శ్రీరామ్మూర్తి నవ్వాడు. "తొరగా తియ్యరా. సెమట్లు పోస్తన్నాయి. ఒంట్లో బాగోలేదు."

"ఏసీ పెట్టించమంటావా?" అన్నాడు ఉదయ్‌కుమార్.

గోడౌన్ గొల్లుమంది.

ఎనిమిదీ పదిహేడుకి ఫోటో గ్రూపులో పడింది. దాని కింద, కళ్లనీళ్లు కార్చుకుంటూ నవ్వే పసుపుపచ్చ బొమ్మలు పదకొండు వచ్చాయి.

ఎనిమిదిన్నరకి శ్రీరామ్మూర్తి డబ్బాతో సహా ముందుకి పడిపోయాడు. అప్పటికింకా అతన్ని ఎవరూ దిగమనలేదు. పోలిరాజే అతన్ని ఎత్తుకుని తన వ్యాను పక్కసీట్లో పడుకోబెట్టి పరుగెత్తించాడు. ఎన్‌ఏడీ కూడలి దాటకముందే, తను పట్టుకున్న ఆ చెయ్యి చల్లబడింది. పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు.

పదకొండు గంటలకి పోలిరాజు తిరిగొచ్చేసరికి మిగతా వ్యాన్లన్నీ పార్సిళ్లతో నిండి ఉన్నాయి. కాటా మీద టార్పాలిన్ కప్పి ఎవరో మూలకి నెట్టేశారు. కంపెనీ ఆఫీసు నుంచి అనూరాధ అనే అధికారి వచ్చి డ్రైవర్లని నిలబెట్టి కాగితం చదువుతోంది.

"శ్రీరామ్మూర్తిగారు ఈ ఉదయం డ్యూటీలోకి రాకముందే గేటు బయట కళ్లు తిరిగి పడిపోయారు. మేము చూశాము." ఆమె తలెత్తింది. "మీ ఇరవై ముగ్గురి సంతకాలు కావాలి. గ్రూపులో ఉన్న ఫోటోలు కూడా తీసెయ్యండి."

తొమ్మిదేళ్లలో ఆ గోడౌన్‌లో శ్రీరామ్మూర్తిని 'గారు' అనడం అదే మొదటిసారి.

"సంతకం పెట్టినవాడు బండి తీస్తాడు. పెట్టనివాడు రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు ఉదయ్‌కుమార్. కుర్చీ వదల్లేదు.

డ్రైవర్లు వ్యాన్ల చాటున గుమిగూడారు.

"ఏటి సేద్దాం బావా? పోయినోడెలాగూ తిరిగి రాడు. పెట్టీసి పోదాం," అన్నాడు ఎల్లాజీ. ఎవరి జోలికీ పోని మనిషి.

"ఎక్కడ పడ్డాడు ఎల్లాజీ?" అడిగాడు పోలిరాజు.

"నాకు తెలీదేటి? నా కాళ్ల కాడే పడ్డాడు."

"మరి గేటు బయట అని సంతకం ఎలా పెడతావు?"

"నీకేటి బావా, ఉద్యోగం పోతే సముద్రముంది. నాకేటుంది?"

"మా ఒడ్డున ఒకడు నీళ్లల్లో పోతే, శవం ఇంటికి సేరేదాకా ఒక్క బోటు కదల్దు. ఎంత పెద్ద ఆసామి సెప్పినా కదల్దు. ఇక్కడ మనిషి పోయి మూడు గంటలవలేదు, మీరు సరుకు సర్దీసినారు!"

వెనక నుంచి ఎవరో అరిచారు. "పెద్ద మాటలు మాటాడకు! ఫోటో తీసిందెవుడు? నవ్వు మావా అన్నదెవుడు? ఆ ఫోటో నీ సేత్తో ఆయన పెళ్లానికి సూపించు. అప్పుడు మాటాడు!"

పోలిరాజు చెయ్యి జేబులోకి పోయింది. ఫోన్ తగిలింది. శ్రీరామ్మూర్తి గోడౌన్ లోపలే ఉన్నాడని, డ్యూటీలోనే ఉన్నాడని చెప్పే సాక్ష్యం అదొక్కటే. తన సిగ్గూ అదే. బొటనవేలితో ఒక్కసారి నొక్కితే గ్రూపులో అందరి ఫోన్లలోంచీ రెండూ పోతాయి.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. కాశమ్మ దిగింది. శ్రీరామ్మూర్తి భార్య. ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చింది. గేటు పక్క టీ కొట్టువాడితో ఒక మాట మాట్లాడి, గేటు దగ్గరికి నడిచింది.

"మాయన ఎక్కడ పడిపోనాడు?"

"ఇక్కడేనమ్మా, గేటు బయట," అంది అనూరాధ.

"ఇక్కడేనా? టీ కొట్టోడు పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాడు. అడిగితే ఎవులూ పడలేదంతన్నాడే?"

పోలిరాజు ముందుకి నడిచాడు. గేటు దాకా ఆ ఇరవై అడుగులూ ఎలా నడిచాడో అతనికి తెలీదు.

"అత్తా, లోపల పడ్డాడు. కాటా మీద నిలబెట్టారు. ఈ ఫోటో నానే తీసినాను."

కాశమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"నవ్వుతన్నాడేటి?"

"నానే నవ్వమన్నాను."

ఆమె చాచి కొట్టింది. పోలిరాజు కదల్లేదు.

"ఈ పచ్చబొమ్మలేటి?"

"నవ్వులత్తా."

"ఎవులియి?"

ఇరవై రెండు మందిలో ఒక్కడు కూడా తలెత్తలేదు. పార్సిళ్ల బెల్టు ఒక్కటే ఖాళీగా తిరుగుతూ చప్పుడు చేస్తోంది. చివరికి ఎల్లాజీ చెయ్యి లేచింది. "ఒకటి నాదమ్మా." తర్వాత ఇంకో చెయ్యి. ఇంకోటి. కాశమ్మ లెక్కపెడుతూనే ఉంది. పదకొండో చెయ్యి లేచేదాకా ఆమె చూపు తిప్పలేదు.

"సరే. బతికున్నప్పుడు నవ్వినారు," అంది. "ఇప్పుడు ఆ మనిషికి ఏటి సేత్తారు?"

జవాబు రాకముందే పోలీసు జీపు వచ్చింది. కంపెనీ ఎప్పుడో కబురు పెట్టింది. ఇన్‌స్పెక్టరు వస్తూనే పోలిరాజు చేతిలో ఫోన్ లాక్కున్నాడు.

"అనుమతి లేకుండా లోపల ఫోటోలు తీసింది నువ్వేనా? ఎక్కు."

పోలిరాజుని జీపులోకి నెట్టారు. కిటికీ ఇనప జాలీ లోంచి చూస్తే అనూరాధ టేబుల్ దగ్గర డ్రైవర్లు వరసగా నిలబడుతున్నారు.

"మొదట ఎవరు?" అంది అనూరాధ.

ఎల్లాజీ కలం అందుకున్నాడు. చదువు ఐదో తరగతి. కాగితం మీదికి బాగా వంగి, అచ్చు వేసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. కింద పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు. రాసింది కాశమ్మకి వినబడేలా చదివాడు:

"లోపలే పడిపోయాడు. నేను చూశాను. నేను నవ్వాను. ఎల్లాజీ."

"ఏయ్, ఏంటిది?" ఉదయ్‌కుమార్ మొదటిసారి కుర్చీలోంచి లేచాడు. అప్పటికే కలం రెండోవాడి చేతికి వెళ్లింది. రెండోవాడూ అదే రాశాడు. నవ్వినవాళ్లు నవ్వామని రాశారు. నవ్వనివాళ్లు నోరు మూసుకున్నామని రాశారు. కాగితం వెనక్కి కూడా తిప్పారు.

"ఇది చెల్లదు," అంది అనూరాధ.

"సెల్లకపోతే ఇంకో కాయితం తెండి మేడం," అన్నాడు ఎల్లాజీ. "మల్లీ రాత్తాం."

జీపు స్టార్టయింది. కాశమ్మ దానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆడికి నానేసిన దెబ్బ సాల్లేదు. మిగతాది మేం మేం సూసుకుంతాం. ఆడ్ని దించండి. నిలబెట్టినోడ్ని ఎక్కించండి."

"తప్పుకోమ్మా."

ఆమె పక్కన తారు రోడ్డు మీద మొదట కూర్చున్నది ఎల్లాజీ. ఇన్‌స్పెక్టరు హారన్ కొట్టించాడు. మళ్లీ కొట్టించాడు. మూడోసారికి ఇరవై రెండు మందీ కూర్చున్నారు. వాళ్ల వెనక హైవే మీద లారీలు ఆగుతున్నాయి.

"లెగమని ఆఖరుసారి చెబుతున్నాను!"

లాఠీలు దిగాయి. ఎల్లాజీ నుదురు చిట్లింది. పోలిరాజు జీపులోంచి అరుస్తూ జాలీని రెండు చేతులా ఊపేస్తున్నాడు.

ఎవరూ లేవలేదు.